ఏడవ కాగితం

నల్లకోట సింహద్వారానికి తలుపులు లేవు. పిలవకుండా ఇక్కడికి ఎవడు వస్తాడులే అని మాంత్రికుడు ధూమకంఠుడి ధీమా.

కాలిన ఇటుకలతో కట్టిన ఏడు ప్రాకారాలు. ఒక్కొక్క ప్రాకారం మీద నూటెనిమిది ఇనుప స్తంభాలు, ఒక్కొక్క స్తంభం కొసన పగలూ రాత్రీ ఆరని పచ్చటి మంట. ఆ మంటకు వేడి లేదు. దాని దగ్గరికి పోయిన సీతాకోకచిలుకలు గడ్డకట్టి రాలిపోయేవి. లోపలి తోటలో ఇనుప చెట్లు, వాటికి రాగి ఆకులు, కొమ్మకొమ్మకూ వెండి పూలు. గాలి వీస్తే తోట తోటంతా గలగలమని మోగేది గాని, ఒక్క పిట్ట వాలిన పాపాన పోలేదు. కోట చుట్టూ కందకం, కందకం నిండా మొసళ్ళు. ఆ మొసళ్ళకు బంగారు చెవిపోగులు! అవి తిన్న మనుషుల నగలు వృథాగా పోవడం ధూమకంఠుడికి ఇష్టం లేదు మరి.

అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా, పొద్దు పొడిచే వేళ, ఆ కందకం ఒడ్డున ఒక ముసలివాడు వచ్చి నిలబడ్డాడు. నడుము వంగిపోయి ఉంది. తలకు పాగా, బొడ్డుదాకా తెల్లని గడ్డం, భుజాన మూట. 

ఆ ముసలివాడికి ఇరవై అయిదేళ్ళు. పేరు రేచన. మేఖలదేశపు కోటదళంలో విలుకాడు. పుట్టింది మాత్రం దూదిపల్లెలో, బొంతలు కుట్టే ఇంట్లో. ఆ ఇంటి పెద్ద అతని అవ్వ మాచవ్వ. రాజుగారి పసిబిడ్డల ఊయల బొంత మొదలుకొని, రాజుగారు ఆఖరిసారి పడుకున్నప్పుడు కప్పిన బొంత దాకా ఆమె చేతి కుట్టే. ఇప్పుడామెకు చూపు లేదు. పని అంతా రేచన చెల్లెలు చందమ చేతికి వచ్చింది.

నలభై రోజుల క్రితం పట్టపగలు దూదిపల్లె మీదికి నల్లని పొగ సుడిగాలిలా దిగింది. వాకిట్లో కూర్చుని కాగితం మీద నమూనా గీస్తున్న చందమను చుట్టుకుని పైకి లేచింది. ఊరు ఊరంతా చూసింది, అది నల్లకోట మాంత్రికుడి పొగ అని తెలిసినా ఒక్కరూ కదలలేకపోయారు. కబురు విని పరుగెత్తుకొచ్చిన రేచన రెండు చేతులూ పట్టుకుని మాచవ్వ ఏడవలేదు. 

"దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకురా. లేకపోతే నువ్వూ రాకు" అన్నది.

"చెయ్యి పట్టుకునే తీసుకొస్తానవ్వా" అన్నాడు రేచన.

ఆ గడ్డం కూడా మాచవ్వ తయారు చేసిందే. ఏకిన దూదిని పోగులు పోగులుగా తీసి, చింతగింజల జిగురుతో తడిమి తడిమి అతికించింది.

కందకం మీద వంతెన లేదు. ఒక ఇనుప గొలుసు మాత్రం ఒడ్డు నుంచి ఒడ్డుకు వేలాడుతోంది. పరుగెత్తితే ఇరవై అడుగుల్లో దాటేయగలడు గాని, ముసలివాడు పరుగెత్తకూడదు గదా! బురుజు మీద కాపలావాళ్ళు చూస్తున్నారు. రేచన వణుకుతూ, దగ్గుతూ, గొలుసు మీద అడుగులో అడుగు వేశాడు. సగం దూరం వెళ్ళేసరికి కింద నీళ్ళు బుడబుడమన్నాయి. తాటిదుంగంత మొసలి ఒకటి పైకెగిరి అతని మూట కొసను పట్టుకుంది. గొలుసు ఊగిపోయింది. రేచన ఒక చేత్తో గొలుసును కౌగలించుకుని, రెండో చేత్తో మూటలోంచి జానెడు దబ్బనం లాగి దాని కంట్లో పొడిచాడు. మొసలి అరుపు కోట గోడల్లో మారుమోగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. కాపలావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ముసలోడికి ప్రాణం మీద తీపి బాగానే ఉందిరోయ్!"

"మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చూడొద్దా నాయనా" అని మూలుగుతూ రేచన అవతలి ఒడ్డున పడ్డాడు.

వాళ్ళు అతన్ని ఈడ్చుకుంటూ కొలువుకూటానికి తీసుకుపోయారు. పులిచర్మం మీద ధూమకంఠుడు కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, పొయ్యిలో సగం కాలి ఆరిపోయిన కట్టెలా ఉన్నాడు. మాట్లాడినప్పుడల్లా నోటి వెంట సన్నని పొగ వస్తోంది.

"బొంతలు కుట్టేవాళ్ళను వెతికి వెతికి పట్టుకురావలసి వస్తోంది. నీ అంతట నువ్వే వచ్చావేం?"

"ఆకలి స్వామీ. దూదిపల్లెలో కుట్టేవాళ్ళంతా పారిపోయారు. గుడ్డా లేదు, గంజీ లేదు. ఇక్కడ పని ఉందని విన్నాను."

"చెయ్యి చాపు."

రేచన చెయ్యి చాపాడు. అయిదేళ్ళుగా ఆ చెయ్యి పట్టింది విల్లు. ధూమకంఠుడు అరచేతిని గోటితో గీకి చూశాడు.

"ఇది కాయలు కాసిన చెయ్యి. సూది పడితే ఇక్కడ కాయదు."

"బొంత గుడ్డ నాలుగు మడతలు వేసి కోస్తాం స్వామీ. మా కత్తెర మూడు శేర్ల బరువు. సూది పోట్లు చూడాలంటే ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి చూడాలి" అంటూ రేచన ఎడమ చెయ్యి చాపి చూపుడువేలు తిప్పి పెట్టాడు. గుడ్డ అడుగున ఉండి, సూది మొన దిగిందో లేదో చూసుకునే వేలు అది. చిన్నప్పుడు మాచవ్వ దగ్గర పదేళ్ళు కుట్టిన కుట్లకు ఆ వేలి కొస జల్లెడలా అయిపోయింది. ఆ మచ్చలు యుద్ధాల్లోనూ మాయలేదు.

ధూమకంఠుడు తృప్తిగా తల ఊపాడు. రేచన ఊపిరి పీల్చుకుని తల ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

మాంత్రికుడి తల వెనక గోడకు ఏడు వేలితొడుగులు వేలాడుతున్నాయి. కుట్టేటప్పుడు సూదిని నెట్టడానికి వేలికి తొడుక్కునేవి. రాగివి, వెండివి, ఒకటి కొమ్ముది. ఏడవది ఇత్తడిది. దాని అంచున ఒక సొట్ట. చందమ ఆరేళ్ళప్పుడు అలిగి దాన్ని రోలుకేసి కొట్టిన సొట్ట అది.

"అవి చూస్తున్నావా?" అన్నాడు ధూమకంఠుడు. "నా బొంతకు ఆరుగురు ఆరు నమూనా కాగితాల మేర కుట్టారు. ఏడవది పొగరుబోతు. నడిమి కాగితానికి చిల్లులు పొడిచింది గాని, కుట్టమంటే సూది నా చేతిలో గుచ్చింది. ఆమెకు తగిన పని ఆమెకు ఇచ్చాలే. నువ్వు ఎనిమిదోవాడివి. అమావాస్య సూర్యాస్తమయానికి నడిమి కాగితం పూర్తి కావాలి. కాకపోతే..."

అతను కందకం వైపు చూసి నవ్వాడు.

*

పని చేసే గది కోట నడిమధ్యన ఉంది. పది మూరల చట్రం మీద బొంత బిగించి ఉంది. పైన నెత్తురు రంగు పట్టు, మధ్యన దూది, అడుగున బూడిదరంగు అస్తరు. చుట్టూ ఆరు భాగాలూ కుట్టడం అయిపోయింది. తీగలు, తామరలు, ఎదురెదురుగా చిలకలు, ఏనుగుల బారులు, పడగలెత్తిన నాగుల అంచు. ప్రతి కుట్టూ నువ్వుగింజంత. ఎంత బాగుందంటే, చూసినవాడికి ముందు ఆనందం కలిగి, తరవాత భయం వేస్తుంది. నడుమ రెండు మూరల మేర మాత్రం ఖాళీ.

చట్రం పక్కన కరాళి కూర్చుని ఉంది. ధూమకంఠుడి కాపలా రాక్షసి. తాటిపండంత కళ్ళు, పారల్లాంటి చేతులు. మాంత్రికుడు మూడు రోజులూ హోమగుండం దగ్గర నుంచి కదలడు కనుక ఇక్కడి పెత్తనమంతా ఆమెదే.

"ఇద్గో ముసలోడా, రెండే మాటలు చెప్తా. బొటనవేలి వెడల్పుకు తొమ్మిది కుట్లు పడాల. నే లెక్కపెడతా. రెండోది, నేనిచ్చిన దారం తప్ప బయటి పోగు ఒక్కటి పడగూడదు. పడితే నీ పేగు తీసి కుట్టిస్తా."

"అట్లాగే తల్లీ. ఇంతకీ ఈ బొంత ఎవరికి?"

"మా దొరకే. ఇది కప్పుకున్నోడి దగ్గరికి సావు వస్తది. గీత వెంబడి నడుస్తది. తీగల్లో తిరిగి తిరిగి నడిమి పాము కాడికి వస్తది. పాము కుడికి సుట్టుకుని ఉంటే సావును ఎనక్కి తోసేస్తది. ఇంక దొరకు సావు లేదు. ఎడమకు సుట్టుకుంటే నేరుగా దొర గుండెకాయలోకి పోతది. అందుకే నమూనా దొరే గీశాడు, ఎవర్నీ నమ్మలా." 

కరాళి ఇకిలించి, ఒడిలోంచి తెల్లని దారపు ఉండ తీసి అతని చేతిలో పెట్టింది. ఆ ఉండ వెచ్చగా ఉంది. అరచేతిలో మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది.

"ఇది... ఏం దారం తల్లీ?"

"ఏడోదాని ప్రాణం. ఒకరు కుట్టినాక వాళ్ళ ప్రాణాన్ని దొర దారంగా వడుకుతాడు. దాంతో తరవాతోళ్ళు కుడతారు. మొదటోడికే మామూలు దారం, ఆరోవాడి ప్రాణం అంచుకు సరిపోయింది. కొస ముడి పడిందా, ఆ ప్రాణం బొంతది అయిపోయినట్టే. ముడి పడకముందే లాగేస్తే మళ్ళీ మనిషి అవుతది, గానీ లాగేదెవరు?" అని ఆమె పగలబడి నవ్వింది. "ఎవరి పోగుతో ఆఖరి ముడి పడితే వాళ్ళ ప్రాణమే బొంతకు కట్టుబడి ఉంటది. ముడి లేకపోతే బొంత పని చెయ్యదు. తెలిసిందా? కూర్చో, కుట్టు."

రేచన చట్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెల్లెలు దొరికింది. తన అరచేతిలోనే ఉంది. ఆమెతోనే తను కుట్టాలి, ఆఖరున ఆమెను ముడి వేసి చంపాలి. ఏడవడానికి వీల్లేదు. ఏడిస్తే గడ్డం ఊడుతుంది.

ఏడవ కాగితం అందుకున్నాడు. నూనె రాసి ఆరబెట్టిన దిట్టమైన కాగితం. మధ్యన కుడివైపుకు తొమ్మిది చుట్లు చుట్టుకుని, తోకను నోట కరచుకోబోతున్న పాము. గీతల పొడుగునా సూదితో పొడిచిన సన్నని చిల్లులు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, పలచటి గుడ్డలో కట్టిన సుద్దపొడి మూటను దాని మీద అద్దితే, చిల్లుల్లోంచి పొడి రాలి గుడ్డ మీద నమూనా చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కల మీద కుట్టుకుంటూ పోవాలి.

బొంతలవాళ్ళు కాగితాన్ని కంటితో చూసి పరచరు. బొటనవేలితో తడిమి పరుస్తారు. సూది దిగిన వైపు నునుపు, మొన పొడుచుకు వచ్చిన వైపు గరుకు. నునుపు పైకి ఉంటేనే పొడి దిగుతుంది. "నునుపు నీకు, గరుకు గుడ్డకు" అని దూదిపల్లెలో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పుతారు. నేర్చుకోకపోతే మాచవ్వ వేళ్ళ కణుపుల మీద కొలబద్దతో కొట్టేది.

అలవాటు కొద్దీ రేచన బొటనవేలు కాగితం మీద నడిచింది. నడిచి, ఆగింది.

బొమ్మ గీసిన వైపే గరుకు! చందమ కాగితాన్ని తిరగేసి వెనక నుంచి పొడిచింది.

పసితనంలో కూడా చందమ ఆ తప్పు చేసి ఎరగదు. తప్పు చేసింది ఎప్పుడూ రేచనే, దెబ్బలు తిన్నది రేచనే. మరి ఇప్పుడెందుకు చేసింది? ఒక్క క్షణంలో అతనికి అంతా తెలిసిపోయింది. తరవాత వచ్చే బొంతలవాడు ఎవడైనా సరే బొటనవేలిని నమ్ముతాడు. గరుకు గుడ్డకు పెడతాడు. బొమ్మ కిందికి పోతుంది. అప్పుడు పాము ఎడమకు చుట్టుకుంటుంది! తన ప్రాణాన్ని దారంగా వడుకుతారని తెలిసి, ఆ దారంతోనే మాంత్రికుడి చావుకు దారి గీసి పెట్టింది ఆ పిల్ల. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉండనే ఉంటాడు. ఈసారి ఆ తన్నేది పందొమ్మిదేళ్ళ ఆడపిల్ల.

రేచన కాగితాన్ని బోర్లించి పరిచాడు.

"ఒరే, ఆగు!" కరాళి అతని మెడ పట్టుకుంది. "బొమ్మ కిందికి పెడతావేంరా?"

"తడిమి చూడు తల్లీ. ఇటు నునుపు, అటు గరుకు. గరుకు పైకి పెడితే పొడి రాలదు. ముందు కుట్టిన ఆరుగురూ ఇట్లా తడమలేదూ?"

కరాళి తన మొద్దు వేలితో తడిమింది. నొసలు ముడిచి ఆలోచించింది. "తడిమార్లే. అందరూ వేలితోనే తడిమారు. సరే, కానీ" అని మెడ వదిలింది.

సుద్దమూట అద్ది కాగితం ఎత్తేసరికి, ఎర్రపట్టు మీద తెల్లని చుక్కల పాము ఎడమకు చుట్టుకుని పడుకుని ఉంది.

సూదిలో దారం ఎక్కించి మొదటి కుట్టు వేశాడు. దారం గుడ్డలోంచి జారినప్పుడు సన్నగా ఒక నిట్టూర్పు వినిపించింది. రెండో కుట్టుకు మళ్ళీ. అది చందమ ఊపిరి. రేచన పళ్ళు బిగించాడు. చిన్నప్పుడు ఆమె కాలిలో ముల్లు దిగితే తీసింది తనే. అప్పుడు కూడా ఇలాగే, అరవకుండా, నిట్టూర్చేది.

ఒకటి కాదు రెండు కాదు, మూడు పగళ్ళు కుట్టాడు. కరాళి వేలు పెట్టి లెక్కపెడుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం చెమటకు జిగురు కరిగి, గడ్డంలోంచి గుప్పెడు దూది ఊడి బొంత మీద పడింది. రాక్షసి కళ్ళు పెద్దవయ్యాయి. రేచన విసుగ్గా దాన్ని తీసి గుడ్డ అంచు సందులోకి కుక్కాడు. "ఆరోవాడు దూది సరిగా పరవనేలేదు తల్లీ, ఎక్కడ చూసినా బయటికి వస్తోంది. ఇట్లాంటి పని మా ఊళ్ళో చేస్తే తంతారు" అని గొణిగాడు. కరాళి ఆరోవాణ్ణి తిట్టింది. 

చేతులు కుడుతున్నాయి గాని, అతని మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ముడి వేస్తే చెల్లెలు చస్తుంది. వేయకపోతే మాంత్రికుడు చావడు, ఇద్దరూ చస్తారు. మాంత్రికుణ్ణి చంపమని చెల్లెలు చెప్పకనే చెప్పింది. దాన్ని తీసుకురమ్మని అవ్వ చెప్పింది. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపి, మూడో రోజు పొద్దున ఒక నిర్ణయానికి వచ్చాడు.

అమావాస్యనాడు పొద్దు వాలింది. పాము ఒళ్ళంతా అయిపోయింది. మిగిలింది కన్ను ఒక్కటే. ఆ కన్నే ఆఖరి ముడి.

"ఎన్ని కుట్లు అయినాయి తల్లీ?" అన్నాడు రేచన.

"రెండువేల మూడొందల పదకొండు."

"పన్నెండు కాదూ?"

"పదకొండే!"

"తోక దగ్గర ఒకటి దాటేశావేమో. దొరగారు అడిగితే ఏం చెప్తావో మరి, నాకెందుకులే."

కరాళి మొహం పాలిపోయింది. దొర కోపం ఆమెకు తెలుసు. తిట్టుకుంటూ వంగి, తోక దగ్గర ముక్కు ఆనించి, మొదటి నుంచి లెక్క మొదలుపెట్టింది. "ఒకటి... రెండు... మూడు..."

రేచన తెల్లదారపు కొసను ముడి వేయకుండా దూదిలోకి దూర్చాడు. పాగా కిందికి వేళ్ళు పోనిచ్చి, తన సొంత జుట్టులోంచి బారెడు నల్లని వెంట్రుక లాగాడు. సూదిలో ఎక్కించాడు. పాము తల మీద మూడుసార్లు గుచ్చి, చుట్టి, బిగించి ముడి వేశాడు.

ముడి బిగిసిన మరుక్షణం అతని కాలివేళ్ళు చల్లబడ్డాయి. వంగి చూసుకున్నాడు. గోళ్ళ దగ్గర చర్మం సన్నని నల్లని పోగులుగా విడిపోతోంది. రేచన పంచె అంచు కిందికి లాగి పాదాలు కప్పుకున్నాడు.

"పదకొండే!" అని అరిచింది కరాళి. "నే చెప్పలా?"

"నాదే పొరపాటు తల్లీ" అంటూ రేచన పాము కన్ను మీద అరచెయ్యి కప్పాడు.

*

హోమగుండం పక్కన నల్లరాతి పలక మీద ధూమకంఠుడు కూర్చుని ఉన్నాడు. పడమటి కిటికీలోంచి ఎండ ఎర్రగా పడుతోంది. రేచన బొంతను మడిచి తెచ్చాడు. మోకాళ్ళ దాకా స్పర్శ లేదు. నడక తడబడుతుంటే ముసలితనమే అనుకున్నారందరూ. ముసలివేషం ఆ పూట బాగా అక్కరకొచ్చింది.

బొంతను ఎప్పుడూ అస్తరు పైకి వచ్చేలా మడిచి ఇస్తారు. పైనున్న పట్టు మాయకూడదని బొంతలవాళ్ళ ఆచారం. ధూమకంఠుడు మడత విప్పి అస్తరు మీద పడిన కుట్టు చూశాడు. పాము కుడికే చుట్టుకుని ఉంది! మంత్రాలన్నీ చదివిన మహానుభావుడికి, గుడ్డకు ఒక వైపు కుడి అయినది రెండో వైపు ఎడమవుతుందన్న చిన్న ముక్క తెలియదు. ఒక్క బొంత కుట్టి ఉంటే తెలిసేది.

"కన్ను నల్లగా ఉందేం?" అన్నాడు అనుమానంగా.

"బొగ్గు అద్దాను స్వామీ. పాము కన్ను నల్లగా ఉండక తెల్లగా ఉంటుందా?"

మాంత్రికుడు నవ్వి పలక మీద వెల్లకిలా పడుకున్నాడు. "కప్పు."

రేచన బొంతను రెండు చేతులా పట్టి ఒక్క విసురు విసిరాడు. ఎర్రపట్టు పైకి, అస్తరు ఒంటికి, నడిమి పాము సరిగ్గా గుండె మీదికి వచ్చి వాలింది. ధూమకంఠుడు హాయిగా తల ఎత్తి తన గుండె మీద చూసుకున్నాడు.

పాము ఎడమకు చుట్టుకుని ఉంది.

నోరు తెరిచాడు. పొగ వచ్చింది గాని మాట రాలేదు. అప్పుడే సూర్యుడు అస్తమించాడు. కోటలోని పచ్చటి మంటలన్నీ ఒక్కసారిగా ఒరిగిపోయాయి. బొంత అంచున నాగుల పడగలు కదిలాయి. కనిపించని పాదం ఏదో అంచు మీద మోపి, కుట్టు వెంబడి నడవసాగింది. ఏనుగుల బారు అణిగింది, లేచింది. చిలకలు అణిగాయి. తామరలు అణిగాయి. తొందర లేని నడక అది. ధూమకంఠుడు బొంతను చీల్చబోయాడు. నువ్వుగింజంత కుట్లు, బొటనవేలి వెడల్పుకు తొమ్మిది! కరాళి లెక్కపెట్టి మరీ కుట్టించిన కుట్లు ఊడలేదు. అడుగులు పాము తోక మీదికి వచ్చాయి, తొమ్మిది చుట్లూ తిరిగాయి, నల్లని కంటి దగ్గర ఆగి లోపలికి దిగాయి.

పలక మీద పిడికెడు బూడిద మిగిలింది. ఎన్నో ఇళ్ళ దీపాలు ఆర్పినవాడు, ఒక్క కేక పెట్టకుండా పోయాడు.

కరాళి గుండెలు బాదుకుంటూ తోటలోకి పరుగెత్తింది. ఇనుప చెట్లు ఒక్కొక్కటే కూలుతున్నాయి. రేచన నేలమీద కూలబడి, బొంతను ఒళ్ళోకి లాక్కుని, దూదిలో దాచిన తెల్లదారపు కొసను సూదిమొనతో పైకి తీశాడు. కుట్టిన మూడు పగళ్ళ పనీ ఇప్పుడు విప్పాలి. దారం తెగకూడదు. నడుము దాకా చల్లబడింది.

లాగాడు. చుట్టు తరవాత చుట్టు విడిపోతూ వచ్చింది. వచ్చిన దారం నేల మీద పడకుండా గాలిలోనే పాదంగా, పరికిణీ అంచుగా, జడగా అల్లుకుంటోంది. ఏడో చుట్టు వచ్చేసరికి రేచన ఛాతీ పోగులు పోగులుగా విడిపోయింది. తొమ్మిదో చుట్టుకు కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో, సూదిపోట్ల వేలికీ బొటనవేలికీ మధ్య పట్టి, ఆఖరి కుట్టు లాగాడు.

చందమ కళ్ళు తెరిచింది. దూది గడ్డం సగం ఊడిన మొహాన్ని చూసి గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"అన్నా! నువ్వా కుట్టింది? ముడి... ముడి ఎవరితో వేశావు?"

"నువ్వు పొడిచిన కాగితం తప్పని అవ్వకు చెప్తాలే" అని నవ్వబోయాడు రేచన. "చెయ్యి ఇవ్వు. చెయ్యి పట్టుకుని తీసుకొస్తానన్నాను."

ఆమె చెయ్యి ఇచ్చింది. అతను పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే ఆమె అరచేతిలో నల్లని దారమై జారిపోయాయి. నేల మీద ముసలివాడి బట్టలు, మూట, గుప్పెడు దూది మిగిలాయి.

చందమ గుండె పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె చేతులు దారాన్ని చుట్టసాగాయి. చిక్కుపడనిస్తే మళ్ళీ దొరకడు. చుట్టడం అయ్యాక పిడికిట్లో పట్టుకుని చూసింది. ఉండ వెచ్చగా ఉంది. మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది. దాని ఒక కొస మాత్రం బొంతలోకి పోయి, పాము కంట్లో ముడిపడి ఉంది. అదే బొంతలో ఇంకా ఆరు ప్రాణాల ముడులున్నాయి.

"ముడి పడితే తిరిగి రారటగా" అనుకుంది. "వేసినవాళ్ళకే విప్పడం తెలియదు. మా అవ్వకు తెలిసి ఉంటుంది."

కొలువుకూటం గోడ మీది ఏడు వేలితొడుగులూ కొంగున మూటకట్టి, సొట్టది తీసి వేలికి తొడుక్కుంది. పది మూరల బొంతను భుజాన వేసుకుంది. అన్న మూటలోని దబ్బనం అందుకుని బయటికి పరుగెత్తింది. వెనక కప్పు కూలింది. ముందు కందకం మీద గొలుసు ఊగుతోంది. గొలుసు కింద ఒంటికన్ను మొసలి నోరు తెరుచుకుని కాచుకుని ఉంది. గొలుసు ఆ కొసన, కూలిన ఇనుప చెట్టును భుజాన వేసుకుని కరాళి నిలబడి ఉంది.

"బొంత ఇచ్చిపోవే! అది మా దొరది!"

చందమ బొంతకూ ఉండకూ మధ్య వేలాడుతున్న నల్లదారాన్ని తన ఎడమ మణికట్టుకు మూడు చుట్లు చుట్టుకుంది. ఇలా అయినా చెయ్యి పట్టుకున్నట్టే.

"పద అన్నా, అవ్వ ఎదురుచూస్తుంటుంది" అని గొలుసు మీద కాలు పెట్టింది.